అందరి మాటా మోసిన గుంజ

దెల్ఫీనాను దొంగ అన్నది మా ఆఫీసు పెద్ద. ఎక్కడో చాటున అన్నాడా అంటే అదీ కాదు, ఉర్కుపాంబ ఊరి సభలో, ఆడా మగా టోపీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న చోట అన్నాడు. ఆఫీసు వాళ్ళిచ్చిన నీలం చొక్కా వేసుకుని నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. ఆ చొక్కా కింద తేళ్ళూ జెర్రులూ పాకుతున్నట్టు అనిపించింది నాకు.

నేను ఈ ఊరి పిల్లనే. పేరు నేలిదా. పట్నం వెళ్ళి ఎలక్ట్రానిక్స్ చదివాను, అగ్నిపర్వతాన్ని కనిపెట్టుకుని ఉండే ఆఫీసులో ఉద్యోగం సంపాదించాను, చివరికి తిరిగి తిరిగి మా కొండ కిందికే వచ్చి పడ్డాను. యానాయాకు వాగు పొడుగునా గుంజలు పాతింది నేనే. ఆఫీసులో వాటికి నోరు తిరగని పేరొకటి ఉంది గానీ, ఊళ్ళో అందరూ గుంజలనే అంటారు. ఒక్కో గుంజ మొదట్లో నేల అదురును వినే చిన్న పరికరం, నడుముకి బ్యాటరీ పెట్టె, నెత్తిన జానెడు ఆంటెనా. అంతే. సోలారు పలకలు పెట్టి లాభం లేదు, మంచు, బూడిద మధ్య సూర్యుడు మాకు చుట్టపుచూపుగా వస్తాడు.

కొండ మీద పేరుకున్న బూడిద మీద పెద్ద వాన పడితే అదంతా బురదై వాగులో దిగుతుంది. ఇళ్ళంత బండరాళ్ళను దొర్లించుకుంటూ వస్తుంది. మా అమ్మమ్మ చిన్నప్పుడు ఊరి కింది సగాన్ని అలాగే తీసుకుపోయింది. అందుకని ఈ గుంజలు. పైనున్న గుంజ అరుపు ఊరిదాకా వినపడదు కాబట్టి అది కింది గుంజకి చెబుతుంది, అది ఇంకో దానికి చెబుతుంది. అలా చేతులు మారుతూ వచ్చిన మాట, వాగు మలుపులో దెల్ఫీనా బంగాళాదుంప చేనుగట్టున ఉన్న గుంజకి చేరుతుంది. అది చర్చి గోపురం మీది పెట్టెకి చెబితే, పెట్టె ఫోను లైను మీద పట్నంలోని ఆఫీసుకి చెబుతుంది. ఆఫీసు వాళ్ళు చూసి, ఆలోచించి, మా ఊరి పెద్దకి ఫోను చేస్తారు.

మా దగ్గర ఏదీ దిక్కులేకుండా ఉండకూడదు. కొత్త పొయ్యి కట్టినా, కొత్త లారీ కొన్నా దానికో జ్ఞానతల్లి, అంటే జ్ఞానస్నానం నాడు రెండో తల్లిగా బాధ్యత తీసుకునే మనిషి, ఉండాల్సిందే. గుంజలు పాతిన రోజున కూడా ఏ చేనులో గుంజ ఉంటే ఆ చేను ఆడమనిషి దానికి జ్ఞానతల్లి అయింది. వీటికి జ్ఞానస్నానం ఇవ్వనని మొండికేసిన ఫాదరు కూడా చివరికి వాటి మీద నాలుగు చుక్కల తీర్థం చల్లి వెళ్ళాడు. పాతిన దాన్ని నేను కాబట్టి తల్లిని నేనట. పెళ్ళీ పెటాకులూ లేకుండానే నా పిల్లలు వాగు పొడుగునా నిలబడ్డారు, ఆడవాళ్ళందరూ నాకు కొమాద్రెలయ్యారు. అంటే కన్నతల్లికీ జ్ఞానతల్లికీ మధ్య వరస, వియ్యపురాళ్ళకంటే ఓ మెట్టు పైనే, ఎందుకంటే తిట్టే హక్కు కూడా ఉంటుంది.

ఇక దొంగతనం మాట. అన్ని గుంజల బ్యాటరీలూ బాగానే ఉన్నాయి, దెల్ఫీనా గుంజలోది మాత్రం చచ్చిపోతూ వచ్చింది. కొత్తది వేస్తే కొన్నాళ్ళకి మళ్ళీ చావు. అది చస్తే పై గుంజలు ఎంత అరిచినా చర్చిదాకా రాదు, ఊరు చెవిటిదైపోతుంది. మంచి బ్యాటరీ తీసుకుని పాతది పెట్టేస్తున్నారని మా ఆఫీసు పెద్ద, ఇంజనీరు వల్దివియెసో తేల్చేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు పని సులువయ్యేది. ఆయన చెప్పింది ఇదీ: దొంగతనమని దెల్ఫీనా సంతకం పెడితే బీమా వాళ్ళు కొత్త బ్యాటరీలిస్తారు, గుంజలు ఉంటాయి. పెట్టకపోతే మా పథకం ఇక్కడ పనిచెయ్యలేదని లెక్క, గురువారం లారీ వస్తుంది, గుంజలన్నీ పీకి ఇంకో లోయకి పట్టుకుపోతారు. అక్కడా జనమే ఉన్నారు, అక్కడా కొండే ఉంది.

దెల్ఫీనా లేచి నిలబడింది. పొట్టి మనిషి. భర్త పోయాక ఆ చేనంతా ఒక్కచేత్తో చేసుకుంటోంది.

"నీ బ్యాటరీ నాకెందుకయ్యా? పులుసులో వేసుకోనా?" అంది.

జనం నవ్వారు. ఇంజనీరు నవ్వలేదు. గురువారం దాకా టైముందని చెప్పి కారెక్కాడు.

ఆయన కారు దుమ్ము అణగకముందే ఊరు రెండైంది. ఒక్క సంతకం పెడితే ఏం పోతుంది, దొంగ అని నుదుటిమీద రాసి పంపిస్తారా అన్నవాళ్ళు సగం. ఆ సగంలో ముందు నిలబడింది దెల్ఫీనా ఆడపడుచు ఎర్మెలిందా. ఊరి పెద్ద సెగుందో మాత్రం ఏ పక్కా మాట్లాడలేదు. ఆయనది పాత బస్సు, దాన్నీ అలాగే నడుపుతాడు, ఎటూ తేల్చకుండా రోడ్డు మధ్యలో.

నేను దెల్ఫీనా ఇంటికి వెళ్ళాను. ఉడికించిన మొక్కజొన్న గింజలు ముందు పెట్టింది గానీ నా మొహం చూడలేదు, నా చొక్కాను చూసింది. గుంజ మీద ఈగ వాలనివ్వలేదట. గొర్రె గీరుకుంటుందని ముళ్ళకంప కట్టిందట, కుక్కను అక్కడే పడుకోబెట్టిందట. ఇవన్నీ గింజలకి చెబుతున్నట్టు కంచం వైపు చూస్తూ చెప్పింది. ఆఖరికి తల ఎత్తింది.

"పెట్టేస్తానే సంతకం. బురదొస్తే మా ఎర్మెలిందా పిల్లలు కూడా పోతారు. నా పేరు ఎంత, నేనెంత."

"పెడితే ఊరుకోను," అన్నాను.

"ఊరుకోక ఏం చేస్తావ్? నువ్వు వాళ్ళ మనిషివేగా."

ఆ మాటకి నాకు కోపం వచ్చింది. కోపం ఆమె మీద కాదు. ఒక మనిషి తన మంచి పేరును ఊరి కోసం అమ్మేసుకోవాల్సి రావడం మీద. అది అమ్మకానికి పెట్టినవాడికి తాను ఏం అడుగుతున్నాడో కూడా తెలియకపోవడం మీద.

మర్నాడు పొద్దున్నే వాగు పట్టుకుని పైకి బయల్దేరాను, ఒక్కో గుంజనూ చూసుకుంటూ. మంచు ఇంకా విడలేదు. ఎర్మెలిందా చేను దాటుతుంటే ఆమె గుంజ దగ్గర వంగి ఉంది. భుజాన గడ్డి మోపు. చెయ్యి జాపి పెట్టె కింద ఉన్న మీట నొక్కింది. ఎర్ర దీపం మిణుక్కుమంది.

"పొద్దున్నే లేచావా, నా తల్లీ? చలేస్తోందా?" అంది గుంజతో.

నేను అక్కడే ఆగిపోయాను. ఆ మీట పాతేవాళ్ళ కోసం పెట్టింది. గుంజ బతికుందో లేదో చూడ్డానికి నొక్కితే అది ఒక మాట పంపుతుంది, ఆ మాట పట్నందాకా పోతుంది. ఎందుకు నొక్కుతున్నారని అడిగాను. ఎర్మెలిందా నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. జ్ఞానబిడ్డ ముందునుంచి వెళ్తూ పలకరించకుండా ఎలా వెళ్తాం? పలకరిస్తే అది కన్ను కొట్టి జవాబిస్తుంది కదా. పొద్దున పోతూ ఒకసారి, సాయంత్రం వస్తూ ఒకసారి. మధ్యలో పిల్లలు తోడొస్తే వాళ్ళూనూ.

పైకి పోయేకొద్దీ నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అందరూ అంతే. ఒకామె తన గుంజ మీద మరదలి గుంజకంటే దీపం బాగా వెలుగుతుందని పోటీ పెట్టుకుని నొక్కుతోంది. ఒకామె ఆదివారం పూజ నుంచి రాగానే ప్రసాదం పెట్టినట్టు నొక్కుతోంది. మా ఊళ్ళో పలకరింపు ఎగ్గొట్టడం కంటే అప్పు ఎగ్గొట్టడం నయం. ఆ పలకరింపులన్నీ, పగలూ రాత్రీ నేల గురించి గుంజలు చెప్పే అసలు కబుర్లతో కలిసి, ఒక్క దెల్ఫీనా గుంజ మీదుగానే చర్చికి పోతున్నాయి. గుంజలోని రేడియోకి మాట్లాడ్డంలోనే బ్యాటరీ ఖర్చు. ఊరందరి తరఫునా మాట్లాడి మాట్లాడి ఆ గుంజ నోరెండి చస్తోంది.

ఆడవాళ్ళందరినీ దెల్ఫీనా చేనుగట్టున కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మీ పలకరింపులు మోయలేక దెల్ఫీనా బిడ్డ చచ్చిపోతోంది అన్నాను. ఎర్మెలిందా కండువా కొస నోట్లో పెట్టుకుంది. తర్వాత మొదలైంది గోల. సరే, ఎవరు మానాలి? ఎవరూ మానరు. నువ్వు మానెయ్ అంటే నువ్వు మానెయ్. రోజూ చేసిన పలకరింపు ఆపేస్తే అదేమనుకుంటుంది అని ఒకామె నిజంగానే అడిగింది.

అప్పుడు నాకు నా మీదే చిరాకేసింది, ఎందుకంటే నేను చెప్పింది సగమే నిజం. పలకరింపులు మానేసినా ఆ గుంజ చచ్చేది, కాస్త ఆలస్యంగా. గుంజలతోపాటు వచ్చిన ప్రోగ్రాం ఎప్పుడూ దగ్గర దారే చూస్తుంది. చర్చికి దగ్గర దెల్ఫీనా గుంజ, కాబట్టి అన్నీ దాని నెత్తినే. దిబ్బ మీది ఎర్మెలిందా గుంజకీ, సెగుందో గొర్రెల దొడ్డి దగ్గరున్న గుంజకీ కూడా చర్చి గోపురం కనిపిస్తుంది. దూరం కాస్త ఎక్కువ, అంతే. కానీ వాటిని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఇంతకుముందు నేను ఈ సంగతి ఆఫీసులో ఎత్తితే, అమ్మినవాళ్ళ ప్రోగ్రాం ముట్టుకోకూడదన్నారు.

ఇదంతా చెప్పాక దెల్ఫీనా నోరు విప్పింది.

"కాలవ పూడిక తీసేటప్పుడు ఏం చేస్తాం? పోయినసారి రాళ్ళు మోసినవాళ్ళు ఈసారి వంట చేస్తారు. ఎప్పుడూ ఒకరి వీపే అయితే అది ఊరి పని కాదమ్మా, చాకిరీ."

"అయితే నా గుంజను కూడా మొయ్యమను," అంది ఎర్మెలిందా, ఎవరి మొహమూ చూడకుండా. "మా దానికేం రోగం? బాగా తిని కూర్చుంది."

ప్రోగ్రాం ముట్టుకోకూడదన్న ఆఫీసు రూలు నాకు అక్కడే, ఆ గట్టు మీదే చచ్చిపోయింది. కంప్యూటరూ తీగా తీసుకుని కూర్చున్నాను. ఇకనుంచి దగ్గర ఎవరు అని కాదు, ఎవరి బ్యాటరీలో ఎక్కువ ఓపిక ఉంది అని చూసుకుని ఆ గుంజకే మాట అందించాలి. దాని ఓపిక తగ్గితే వంతు ఇంకోదానిది, అప్పుడు ఇది పడుకుంటుంది. చిన్నా చితకా మాటలన్నీ ఎక్కడికక్కడ మూటగట్టి ఒక్కసారే పంపాలి. నేల గట్టిగా అదిరిన మాట మాత్రం ఆగకూడదు, మూటలూ వంతులూ తోసుకుని ముందు పోవాలి. మీట నొక్కితే దీపం వెలుగుతుంది, మాట మాత్రం ఎక్కడికీ పోదు. ఆ చివరిది నేను ఆడవాళ్ళకి చెప్పాను కూడా. దీపం వెలిగితే చాలన్నారు. వాళ్ళకి కావలసింది జవాబు గానీ పట్నం కాదు.

ఒక్కో గుంజ దగ్గరకీ నడిచి తీగ తగిలించి మార్చాను. కొమాద్రెలు నాకు బార్లీ పిండి కలిపి పెడుతూ వెంట నడిచారు.

గురువారం లారీ వచ్చింది. ముందు కారులో వల్దివియెసో. వాగు గట్టున ప్రతి గుంజ మొదట్లో దాని జ్ఞానతల్లి కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉంది, ఊలు వడుకుతూ. ఎవరూ కేకలెయ్యలేదు. కూలీలు గడ్డపారలు పట్టుకుని దిగి, ఆ కూర్చున్నవాళ్ళని చూసి, మళ్ళీ లారీ నీడకే చేరారు. వాళ్ళకీ అమ్మలున్నారు.

ఆయన తిన్నగా దెల్ఫీనా దగ్గరికి వెళ్ళి కాగితం చాచాడు. సంతకమా, గుంజలా అన్నాడు. ఆమె చేతులు కొంగులో దాచుకుంది. మొన్న నాతో పెట్టేస్తానన్న మనిషి ఆ కాగితాన్ని కనీసం ముట్టుకోలేదు.

"నేను చెయ్యని పని చేశానని రాసివ్వను. గుంజ ఎందుకు చస్తోందో ఈ పిల్ల చెబుతుంది, వినండి."

నేను చెప్పాను. పలకరింపులు, దగ్గర దారి, వంతులు, అన్నీ. దెల్ఫీనా గుంజలో బ్యాటరీ ఇప్పుడు అసలు కదలకుండా నిద్రపోతోందని కంప్యూటరులో చూపించాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. మొహంలో ఒక్క క్షణం ఆ లెక్క నచ్చినట్టు కూడా కనిపించింది. కానీ వెంటనే పెద్ద కుర్చీ గుర్తొచ్చింది కాబోలు.

"ఎవరి అనుమతితో మార్చావు?"

"ఎవరిదీ కాదు. నా పిల్లలు, నేనే మార్చాను."

"నువ్వు ఆఫీసు మనిషివి, నేలిదా."

చొక్కా గుండీలు విప్పి, లోపలి స్వెట్టరుతోనే నిలబడి, ఆ నీలం చొక్కాను మడతపెట్టి ఆయన కారు బానెట్ మీద పెట్టాను. వెనక సెగుందో దగ్గాడు. ఆయన ఒక పక్కకి రావడం అదే మొదటిసారి, దగ్గుతోనైనా సరే.

వల్దివియెసో అరవలేదు. అదే నాకు ఎక్కువ మండింది. ఆడవాళ్ళని లాగించి పీకించడం తనకి ఇష్టం లేదన్నాడు, అలాగని తాము ఒప్పుకోని పథకానికి ఆఫీసులో మనుషుల్ని కూర్చోబెట్టడమూ కుదరదన్నాడు. చర్చి గోపురం ఎక్కి, పెట్టెలోంచి ఫోను సిమ్ పీకి జేబులో వేసుకుని దిగాడు.

"గుంజలు ఉంచుకోండి. మావైపు వినేవాళ్ళు ఉండరు," అన్నాడు.

లారీ ఖాళీగా తిరిగిపోయింది. గెలిచామో ఓడామో తెలియక అందరూ నా మొహమే చూస్తున్నారు, నాకూ తెలియదు. ఎర్మెలిందా ఏడుపు మొదలెట్టింది. వినేవాడు లేకపోతే ఇంక ఈ గుంజలు దేనికి, ఆ సంతకమేదో పెట్టి చావాల్సింది కదా అని వదినను ఆడిపోసుకుంది.

"ఏడవకే," అంది దెల్ఫీనా. "బురద ఎవరింటికొస్తుంది? ఆయనింటికా? మరి మన వాగు సంగతి మనకంటే ముందు ఆయనకెందుకు తెలియాలి?"

చదువుకున్నదాన్ని, నాకు అంతవరకూ ఆ ప్రశ్న రానేలేదు. మా వాగు మాట పట్నం పోయి, అక్కడ బల్లలు తిరిగి, మళ్ళీ మా ఊరికి ఫోనుగా రావడం అందరం అలవాటుగా ఒప్పేసుకున్నాం. అన్నిటికంటే పొడుగు దారి అదే. గుంజల మధ్య అడుగులు లెక్కపెట్టి ఆదా చేసినదాన్ని, దాన్ని మాత్రం చూడలేదు.

సెగుందో తన బస్సు హారన్ విప్పి ఇచ్చాడు. ఆ హారన్ దెబ్బకి మలుపుల్లో జనం చెవులు మూసుకుంటారు. దాన్ని గోపురం మీద బిగించి, పెట్టెకి కలిపాను. నేల గట్టిగా అదిరితే ఇక ఎవరికీ ఫోను పోదు, హారన్ మోగుతుంది. ఫాదరు చర్చి గంటకి అవమానమని గొణిగాడు గానీ నిచ్చెన పట్టుకున్నది ఆయనే. బస్సు మాత్రం ఆ తర్వాత మలుపుల్లో మనిషి చేత అరిపించుకుంటూ నడిచింది.

వానలు వచ్చాయి. గుంజలు వంతులు మార్చుకుంటూ పోయాయి. ఒక్కటీ చావలేదు. ఒక ఆదివారం, పూజ అయ్యి జనం సంతలో బేరాలాడుకుంటున్న మధ్యాహ్నం, కొండ నెత్తిన మబ్బు నల్లగా కూర్చుంది. ఊళ్ళో చినుకు లేదు. ఆడుకుంటున్న పిల్లల మీద ఎండ కూడా ఉంది. అప్పుడు హారన్ మోగింది, ఆగకుండా.

ఎవరూ ఎవరినీ అడగలేదు. సంత సంతలాగే ఉండిపోయింది, బుట్టలూ కోళ్ళూ టోపీలూ అక్కడే. ముసలివాళ్ళని వీపున వేసుకుని, గొర్రెల్ని తోలుకుంటూ ఎగువ దిబ్బ మీదికి ఎక్కేశాం. ఎక్కి వెనక్కి తిరిగేసరికి నేల పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడైంది, వాగులోకి బురద దిగింది. ఆ రోజు మాట మోసినది ఎర్మెలిందా గుంజ. దెల్ఫీనా గుంజ మలుపులో నిలబడి ఉండగానే బురద దాన్ని వేళ్ళతో సహా లేపుకుపోయింది. తర్వాత చేను పోయింది, దుంపలు తవ్వడానికి సిద్ధంగా ఉన్న చేను. ఊరి కింది వరస ఇళ్ళు పోయాయి. మనుషులు ఒక్కరూ పోలేదు. సెగుందో ఇంటింటి పేరూ పిలిచాడు, అన్ని ఇళ్ళూ పలికాయి.

ఎర్మెలిందా పిల్లల్ని కొంగుకింద పెట్టుకుని వదిన పక్కన కూర్చుంది. దెల్ఫీనా ఆమె వైపు చూడలేదు. వాగు పోతున్న వైపు, కింది ఊళ్ళ వైపు చూస్తోంది. అక్కడ గుంజలు లేవు. అక్కడి వంతెన పక్కన ఆదివారం సంత ఇంకా సాగుతూనే ఉంటుంది.

"ఫోనియ్యి," అంది నాతో. "ఆ ఇంజనీరు నంబరు కలుపు."

నేను కలపనన్నాను. ఆయనతో మాట్లాడాల్సిన ఖర్మ నీకేంటి, నేను మాట్లాడతానన్నాను. ఆమె నా చేతిలోంచి ఫోను లాక్కుంది. ఆయన ఎత్తాడు. ఆదివారం భోజనం మధ్యలో ఉన్నట్టున్నాడు, వెనక గిన్నెల చప్పుడు నాకూ వినపడింది.

"నేను ఉర్కుపాంబ నుంచి, బ్యాటరీల దొంగని మాట్లాడుతున్నా. బురద దిగింది, మా ఊరు దాటింది. కింద వంతెన దగ్గర జనాన్ని లేపించండి. మీ మాటైతే వింటారు."

అటునుంచి గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మీకెలా తెలిసింది, మేం లైను తీసేశాం కదా అని ఆయన గొంతు.

"మేం వింటూనే ఉన్నాం గనక," అంది దెల్ఫీనా. "ఇంక ముందు వాళ్ళకి చెయ్యండి, తర్వాత నాతో మాట్లాడుదురు గాని."

ఫోను పెట్టేసి నాకు ఇచ్చింది. కింది వంతెన దగ్గర సంత ఖాళీ అయిందని సాయంత్రానికి మాకు కబురొచ్చింది.